ఏడుపు రాని రోజు

2008, శ్రావణం, బుధవారం రాత్రి
పెన్‌పహాడ్

పొద్దుగూకకముందే అమ్మను సాగనంపినం. నా కంట్లకెల్లి ఒక్క బొట్టు రాలేదు.

పొద్దున సూర్యాపేట నుంచి వచ్చి ఆటో దిగంగనే చెల్లె సుజాత నా మెడ పట్టుకొని బోరుమన్నది. నేను దాని వీపు నిమురుకుంట నిలబడ్డ. లోపల ఏడుపు ఉన్నట్టే ఉంది గని పైకి వస్తలేదు. డాక్టర్ రాసిన మనాది గోళీలు మొదలుపెట్టినకాన్నుంచి గిట్లనే ఉంది. చచ్చిపోదామనిపించుడు తగ్గింది, అది నిజమే. దాంతోపాటే నవ్వు, ఏడుపు కూడా దూరం జరిగినయ్.

పక్కింటి రాములమ్మత్త అందరికీ వినపడేటట్టే అన్నది: "కన్నతల్లి పోతే గిట్ల రాయి లెక్క కూసున్నదేందమ్మా!"

అమ్మ ఉంటే ఆమెకు జవాబు చెప్పేది. పోయినేడు నన్ను మిర్యాలగూడ దవాఖానకు తీస్కపోయింది అమ్మనే. "జరమొస్తే గోళీ ఏస్కోమా బిడ్డా, ఇదీ గంతే" అన్నది.

తానాలైనంక సుజాతను పక్కకు పిలిచి చెప్పిన. "ఈ గోళీలు బంద్ చేస్తనే. అమ్మ కోసమన్న ఏడ్వాలె గదా."

అది నా రెండు చేతులు గట్టిగ పట్టుకుంది. "వద్దక్కా, డాక్టర్‌ను అడగకుండ బంద్ చెయ్యకు. అమ్మ పోనే పోయింది. నువ్వు గూడ పోతే నాకెవరున్నరు? ఏడ్వకున్నా మంచిదే, నువ్వు ఉండు."

సంచిలకెల్లి తీసి గోళీ ఏస్కున్న. ఇప్పుడది నా పక్కనే పండుకొని నిద్రల గూడ ఎక్కిళ్లు పెడుతుంది. ఓదార్చాలె గని, దాన్ని సూస్తుంటే నాకు ఈర్ష్య అయితుంది.