నాఖ్‌లాస్ ఇవ్వనన్నాను

అక్టోబరు 7, 2024, సోమవారం. ష్వైన్‌ఫర్ట్.

బిల్డింగ్ మేనేజ్‌మెంట్ నుంచి ఉత్తరం. పైపులు మారుస్తారట, జనవరి నెలాఖరులోగా కెల్లర్, అంటే నేలమాళిగలో సామాన్ల గది, ఖాళీ చెయ్యాలట. అందరి కెల్లర్లలో సైకిళ్లు, పాత సూట్‌కేసులు ఉంటాయి. నా దాంట్లో నేను వేసిన బొమ్మలున్నాయి, రెండు వందల పన్నెండు. పైన మాకు ఉన్నవి రెండు గదులు. మంచం కింద ఎనిమిది పడతాయి. పట్టించేశాను.

గురువారం పక్క ఊరి మ్యూజియం నుంచి ఫ్రావు కెస్లర్ వస్తుంది. ఆ టెర్మిన్, ఆ అపాయింట్‌మెంటు కోసం రెండేళ్లు తిరిగాను. ఆమె తీసుకుంటే బొమ్మలు బతుకుతాయి. లేకపోతే స్పెర్‌ముల్. పాత సోఫాలు రోడ్డు పక్కన పెడితే లారీ వచ్చి నమిలేస్తుంది చూడండి, అది. ఈ 'చూడండి' ఎవరితో అంటున్నానో తెలియదు. డైరీలో కూడా నా నోరు ఊరుకోదు.

అక్టోబరు 10, సాయంత్రం 5.

వచ్చింది. మూడు గంటలు చూసింది. కెల్లర్లో కుర్చీ లేకపోతే పెయింట్ డబ్బా మీద కూర్చుని చూసింది. ఎప్పుడు మొదలుపెట్టారు అని అడిగింది. అడగకపోయినా చెప్పేవాణ్ణే.

1974. బేరింగుల ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేరిన ఏడాది. ఒక ఆదివారం అడవికి వెళ్తే చెట్లన్నీ ఎర్రగా ఉన్నాయి. కరీంనగర్ జిల్లా వాణ్ణి, అలాంటి ఆకురాలు కాలం ఎప్పుడు చూశాను? చెట్లకు రోగమొచ్చిందనుకున్నాను. కాసేపయ్యాక, ఇది ఖాండవ దహనం, పొగ ఒక్కటే లేదు, అనిపించింది. ప్యాకింగ్ చెక్క మీద, తుప్పు పట్టకుండా ఇనుముకు పూసే ఎర్ర రంగుతో ఆ రాత్రే వేశాను. గురువు లేడు. లైబ్రరీలో బొమ్మల పుస్తకాలు, చదవడం రాక, చూసి చూసి నేర్చుకున్నాను. అప్పటి నుంచి ఈ ఊరి అడవి చెట్ల కిందే మనవాళ్లంతా చస్తున్నారు. అభిమన్యుడు, జటాయువు, శంబూకుడు. పెళ్లిళ్లూ పట్టాభిషేకాలూ క్యాలెండర్ల వాళ్లు వేస్తారు. చచ్చేవాళ్లకూ ఎవరో ఒకరు ఉండాలి కదా.

అంతా విన్నది. వెళ్లేటప్పుడు కోటు గుండీలు పెట్టుకుంటూ, నా మొహం చూడకుండా, మ్యూజియానికి మీ నాఖ్‌లాస్ మీద ఆసక్తి ఉంది, ఇస్తారా అని అడిగింది.

ఆ మాట నాకు తెలియనిదా? ఆఖరి పదేళ్లు స్టోర్స్‌లో చేశాను. గ్రీజు డబ్బాలు వంద తీసుకుంటే నాఖ్‌లాస్ ఎంత ఇస్తారని ఫోన్లో రోజూ గీచి గీచి అడిగినవాణ్ణి. డిస్కౌంటు. బొమ్మలు ఊరికే ఇచ్చేద్దామనే ఉన్నాను, ఆ మాట నోటి చివర ఉంది. కానీ యాభై ఏళ్ల పని ముందు నిలబడి బేరమా? నేను బతికుండగా ఇవ్వను అన్నాను. అవునవును, అప్పుడు కాదు, ఆ తర్వాతే అంది. ఆ తర్వాత కూడా ఇవ్వను అన్నాను. స్కార్ఫ్ చుట్టుకుని, మీ నిర్ణయాన్ని గౌరవిస్తాను అని వెళ్లిపోయింది.

బాగా బుద్ధి చెప్పాను.

అక్టోబరు 11.

పుక్యానికి ఇస్తనన్నోనివి, బేరమాడితే నీ సొమ్మేం పాయె అని సుభద్ర. నా భార్య. పొద్దుటి నుంచి ఇదే మాట, గిన్నెలతో కలిపి.

నవంబరు 4.

కడుపునొప్పి అంటే పోయిన వారం స్కాన్ తీశారు. రిపోర్టు రవీంద్రనాథ్ చూశాడు. వ్యుర్జ్‌బుర్గ్‌లో డాక్టరు చేసి రిటైరైనవాడు, గుంటూరు వాడు, నాకంటే ఆరేళ్లు ముందొచ్చాడు. ఒరే తిరుపతయ్యా, పాంక్రియాస్ రా అన్నాడు. ఆ తర్వాత నెలల్లో మాట్లాడాడు. ఏళ్ల మాట రాలేదు.

నవంబరు 5.

ఇవాళ ఏమీ రాయను.

నవంబరు 19.

మ్యూజియం నుంచి ఉత్తరం. రవీంద్రనాథ్ టీకి వచ్చి ఉన్నాడు, కళ్లజోడు వాడి దగ్గరే ఉంది, వాడే చదివాడు. కళాకారుడు తన నాఖ్‌లాస్‌ను మరణానంతరం కూడా ఇవ్వనని స్పష్టంగా చెప్పినందున ఫైలు మూసివేశారట. వాడు పడీపడీ నవ్వాడు. ఏమన్నావురా ఆవిడతో అని అడిగాడు. డిస్కౌంటు ఇవ్వనన్నాను అని చెప్పాను. నవ్వు ఆగింది.

మనిషి పోయాక మిగిలే పనిని కూడా నాఖ్‌లాస్ అనే అంటారట. పెయింటర్ల దగ్గర ఆ మాటకు ఆ అర్థమేనట. యాభై ఏళ్లున్నావు, నీ జర్మన్ ఇంకా స్టోర్స్ రూము గడప దాటలేదు కదరా అన్నాడు. మెల్లగా అన్నాడు. తిట్టినట్టు అంటే బాగుండేది.

నవంబరు 20.

ఫోన్ చేశాను. డిస్కౌంటు అనుకున్నానని ఫ్రావు కెస్లర్‌కు చెప్పాను. ఆమె సంగతి చెప్పింది. కమిటీ కూర్చుంది. మ్యూజియం గోదాములో మిగిలిన చోటు, పోయిన పాస్టరుగారి సీతాకోకచిలుకల పెట్టెలకు ఇచ్చారు. మళ్లీ చోటు 2029లో. ఎదురుగా బతికున్న మనిషితో మీరు చనిపోయాక అని ఎలా అనను, అందుకే ఆ మాట వాడాను అంది. మొహమాటం మనవాళ్లకే ఉంటుందనుకున్నాను.

2029 దాకా ఆగగలరా అని అడిగింది. నేను కూడా మొహమాటపడ్డాను. చూద్దాం అన్నాను.

డిసెంబరు 8, ఆదివారం.

సుభద్ర పిలిపిస్తే సందీప్, నవ్యశ్రీ వచ్చారు. బ్లూ కార్డు వీసా మీద ఉద్యోగాలకొచ్చిన మన తెలుగు పిల్లలు, కొత్తగా ఫ్లాట్ కొన్నారు, గోడలు ఖాళీ. కెల్లర్లో గంట తిరిగారు. సూపర్ అంకుల్, అసలు ఆ ఫారెస్ట్ అయితే నెక్స్ట్ లెవెల్ అన్నాడు సందీప్. సోఫా పైకి నెమలిది గానీ, కృష్ణుడిది గానీ ఉందా అంకుల్ అంది నవ్యశ్రీ. యుద్ధం, ఏడుపు ఉన్నవి ఇంట్లో పెట్టొద్దు, మా అత్తయ్య ఒప్పుకోరు, మీరేమీ అనుకోవద్దు అని కూడా అంది. వాళ్ల ఐదేళ్ల పిల్ల జటాయువును చూసి, పక్షికి రక్తం కారుతోంది, డాక్టర్ని పిలవండి అని జర్మన్‌లో గొడవ చేసింది. మొత్తం మీద బొమ్మను సరిగ్గా చూసింది ఆ పిల్లే.

నేనేమీ అనుకోలేదు. యాభై ఏళ్లలో సుభద్ర కూడా ఒక్కటి గోడకు పెట్టనివ్వలేదు. మా హాల్లో ఉన్నది ఫార్మసీ వాళ్ల క్యాలెండరు. మనింట్లో చావును గోడకెక్కించరు. ఆ సంగతి తెలిసే చావులే వేశాను. వాటికి మ్యూజియం తప్ప ఇల్లు లేదు. ఆ ఒక్క ఇంటి తలుపు నేనే వేశాను.

జనవరి 28, 2025.

స్పెర్‌ముల్. రేపు పొద్దున లారీ. మెట్లెక్కే ఓపిక నాకు లేదు, ఇద్దరు కూలీలు మోశారు. పేవ్‌మెంట్ పొడుగునా గోడకు ఆనించారు. ఇక్కడి పద్ధతి ప్రకారం, లారీకి ముందు ఎవరికి కావలసింది వాళ్లు ఏరుకోవచ్చు. ఒకామె ఫ్రేములు ఊడదీసుకుంది. ఒకాయన చెక్క మీద వేసినవి పదకొండు బండికెక్కించాడు. ఇది నీటికి ఆగుతుందా అని వేలితో రుద్ది అడిగాడు. ఆగుతుంది, ఇనుముకు పూసే రంగు అన్నాను. ఆ గొంతులో గర్వం నాదేనా అని తర్వాత ఆశ్చర్యపోయాను.

సుభద్ర కిటికీ దగ్గర నిలబడి చూసింది. గా రెక్క తెగిన పిట్టను ఎవ్వలు తీసుకపోలే అంది. లోపలికి తెద్దామా అని అడిగింది. మంచం కింద చోటు లేదని చెప్పాను.

ఫిబ్రవరి 16.

రైలు పట్టాల పక్క తోటల దాకా ఆగి ఆగి నడిచాను. ఒక షెడ్డు, కిటికీ అద్దం పగిలిన చోట నా గంగావతరణం, బూడిదైనవాళ్ల మీదికి గంగ దిగే బొమ్మ, తలకిందులుగా మేకులు కొట్టి ఉంది. గంగ పైకి పోతోంది. ఏం చూస్తున్నారు అని తోట ఆయన అడిగాడు. చెప్పబోయి మానేశాను. మంచి చెక్క, లోపలికి చుక్క నీరు రావడం లేదు అన్నాడు.