బరువుకే దిగిన చక్రాలు

సలీం తమ్ముడూ,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. నీ పేరున చదివే ఫాతెహాకు నీ బిడ్డ సనా వస్తున్న విమానానికి హైదరాబాదు మీద చక్రాలు దిగలేదు. టీవీ చూసి నీ భార్య ఏడుపందుకుంది.

"ఏడ్వకు. ఆయిల్ కారిపోయినా, లాక్ ఇప్పితే చక్రాలు వాటి బరువుకే దిగుతయి. విమానాలు బాగుచేసినోడు, నీ మొగుడే చెప్పిండు," అన్నాను.

"ఆయన చెప్తుంటే నువ్వు కునుకు తీస్తుంటివి కదా ఆపా!" అంది ఏడుస్తూనే.

నమాజు చేసే జానమాజ్ పరిచి దువా చేస్తూ కూర్చున్నాను. చక్రాలు దిగాయి. ఆయిల్ పైపు పగిలిందట.

సనా సాయంత్రానికి నారాయణఖేడ్ చేరింది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదట. ఫాతెహా చదవకముందు ఎవరూ ముట్టని బగారా అన్నం, గిన్నె మూత తీసి ముందు దానికే పెట్టాను.

కడుపునిండా తింది, సలీం.

నీ ఆపా