నేను ఎత్తని చెయ్యి

కోడుమూరు, ఆదివారం రాత్రి

కడుపుమంట ఇంకా చల్లారలేదు.

వాన ఆలస్యమైంది కదా, ఈసారి ఏం విత్తాలో తేల్చుకుందామని మా ఊరి రైతులమంతా పొద్దున బడి వరండాలో కూర్చున్నాం. "అదును దాటిపోయిందప్పా. పత్తి వద్దు, కొర్ర ఏద్దాం" అని ముందు అన్నది నేనే. ఒక్కడూ తల తిప్పలేదు. కాసేపటికి ఎరువుల అంగడి శేఖర్ లేచి అచ్చం అదే మాట అన్నాడు. "శానా బాగా చెప్పినావప్పా!" అన్నారంతా. అందరికంటే ముందు మా తమ్ముడే అన్నాడు. నేల దున్నేది నేను, మందు డబ్బాలు అమ్మేది ఆ శేఖర్. ఆ ఇస్త్రీ చొక్కాలో ఏం కనిపించిందో వీళ్లకి!

ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తమన్నారు. నా మాటకే నా చెయ్యి లేవలేదు.

శేఖర్ అది చూశాడు. "ఆగండప్పా. పెద్దాయన చెయ్యెత్తలేదంటే ఏదో తెలిసే ఉంటాది. మనం పత్తే ఏద్దాం" అన్నాడు. లేచిన చేతులన్నీ దిగిపోయాయి. నాకు ఆ పెద్దరికం ఇచ్చింది కూడా వాడే. అది ఇంకా మంట.

అప్పుడైనా నోరు విప్పాల్సింది. కానీ అందరూ నావైపే చూస్తున్నారు. ఆ చూపులు బాగున్నాయి. తల ఊపాను.

రేపు పత్తి విత్తనాలు తెస్తారట. తెల్లారగానే పోయి వద్దని చెప్పాలి. నేను చెబితే వింటారో లేదో...

శేఖర్ చేత చెప్పిస్తే వింటారు.