జెల్ల నోట్లో గోటీలు

1968 జూలై 2, మంగళవారం

కాకినాడ నుంచి టిన్ను వచ్చింది. నలభై సముద్రపు జెల్ల చేపలు, ఫార్మలిన్‌లో. మూత తీయగానే కళ్ళు మండిపోయాయి. ఇవి ఏం తింటాయో పొట్టలు కోసి తేల్చి, ఇరవయ్యో తేదీన డిపార్ట్‌మెంట్ సెమినార్‌లో చెప్పాలి. రీసెర్చ్‌లో చేరాక నా మొదటి సెమినార్.

అటెండర్ ఇన్నయ్య చేపల్ని కుళాయి కింద కడిగి, నంబరు చీటీ కట్టి ట్రేలో పెడతాడు. నేను కోస్తాను. ఇవాళ కడుగుతూ కడుగుతూ చేపల నోళ్ళ గురించి ఏదో చెప్పబోయాడు. నీ పని కడగడం వరకే, డిస్టర్బ్ చేయకు అన్నాను. వినడానికి నాకు టైమెక్కడిది?

జూలై 5

ఆడవాటి పొట్టల నిండా రొయ్యలు, పీత ముక్కలు. మగవాటిలో ఏమీ లేదు. పదకొండు కోశాను, పదకొండూ ఖాళీ. తార్నాకలో బస్సు దిగి, మా ఇల్లు దాటి చాలా దూరం నడిచాక గానీ తెలియలేదు. అన్నం సగంలో లేచిపోయాను. ఆ చేపల కంటే ముందు నువ్వే ఎండిపోయేటట్టున్నావని మా భూదేవక్క గొణిగింది.

జూలై 9

మా గైడ్ సోమయాజులు సార్ నా నోట్‌బుక్ చూసి మూతి విరిచారు. చేప తినకుండా ఎలా బతుకుతుంది, ఎవరో నోట్లోకి నీళ్ళు కొట్టి పొట్టలు కూడా కడిగేస్తున్నారు, ఆ కడిగేదెవరు అన్నారు. ఇన్నయ్య అన్నాను. సింకులోంచి అతను ఏదో ఏరుతుంటే రెండుసార్లు చూశానని కూడా చెప్పాను. రాసివ్వమన్నారు. రాసిచ్చాను. ఒక పేజీ, మంచి ఇంగ్లిష్‌లో.

జూలై 10

ఇన్నయ్యకు మెమో ఇచ్చి స్టోర్స్‌కు పంపేశారు. ఆరేళ్ళుగా టెంపరరీ, ఈ నెలాఖరుకు పర్మనెంట్ కావాల్సినవాడట. నాకెవరూ చెప్పలేదు. నేను అడగలేదు కూడా.

జూలై 15, ఉదయం 11

మిగతా చేపల్ని నేనే కడుక్కుంటున్నాను. ఒకదాని దవడ విప్పి కుళాయి కింద పెట్టగానే సింకులోకి ఏవో దొర్లాయి. గుడ్లు. ఒక్కొక్కటి పిల్లలు ఆడుకునే గోటీ అంత ఉంది. ముప్పైరెండు లెక్కపెట్టాను. చేపను కోశాను. మగది. పొట్ట ఖాళీ.

సాయంత్రం 4

లైబ్రరీలో పాత జర్నల్ దొరికింది. ఆడది గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది. మగది వాటిని నోట్లో పెట్టుకుని, పిల్లలు పెరిగి ఈదిపోయేదాకా సుమారు రెండు నెలలు ఏమీ తినదు. పొట్టలు ఖాళీగా ఉన్నది అందుకు.

ఆడవాటిని కూడా ఇన్నయ్యే కడిగాడు. అతను పొట్టలు కడిగేస్తే అవి నిండుగా ఎలా ఉన్నాయి? ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు. ఎవరి మీదో తోసేస్తే చాలనిపించింది.

సాయంత్రం 5.30

సింకు కింద అరలో హార్లిక్స్ సీసా. ఫార్మలిన్‌లో పదకొండు చిన్న గుడ్డ మూటలు, ఒక్కోదానికి నేను కోసిన ఒక్కో మగ చేప నంబరు. ఒక మూటలో గుడ్లకు కళ్ళు కూడా వచ్చాయి. సిగ్గుతో చచ్చిపోయాను.

జూలై 16

కంప్లైంట్ వాపసు తీసుకుంటానన్నాను. అలాగైతే తప్పుడు కంప్లైంట్ ఇచ్చినట్టు నీ ఫైల్లో పడుతుంది, అతను స్టోర్స్‌లో బాగానే ఉన్నాడు, నీ సెమినార్ సంగతి చూసుకో అన్నారు సార్. క్యాంపస్ రోడ్డంతా రెండుసార్లు తిరిగాను. మళ్ళీ వెళ్ళి, వాపసు తీసుకుంటున్నానని రాసిచ్చాను. ఈసారి నాలుగు లైన్లే.

అటునుంచి అటే గోల్నాకలో ఇన్నయ్య ఇంటికి వెళ్ళాను. ఇన్నయ్య కుర్చీ వేశాడు, నేను కూర్చోలేదు. ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను, తప్పంతా అతనిదే అయినట్టు.

"చెప్పబోయిన గదమ్మా. మీరే వద్దన్నరు."

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

జూలై 20

సెమినార్ అయింది. సీసా టేబుల్ మీద పెట్టి, వీటిని దాచింది ఇన్నయ్య, అతని మీద కంప్లైంట్ రాసింది నేను అని చెప్పాను. వెనక ఎవరో నవ్వారు. సార్ తల ఎత్తలేదు. అయినా చివరిదాకా చదివాను.

ఆగస్టు 1

ఇన్నయ్య ల్యాబ్‌కు తిరిగొచ్చాడు. పర్మనెంట్ లిస్టులో పేరు లేదు. వచ్చే ఏడాది చూస్తారట.

కొత్త టిన్ను విప్పాం. చేపల్ని కడిగి ట్రేలో పెట్టాడు. నోళ్ళలో ఏమైనా ఉన్నాయా ఇన్నయ్యా అని అడిగాను.

"మీరే చూసుకోండ్రమ్మా."