నా చేత్తో పేరు రాయొద్దట

1986 జూలై 24, గురువారం

నా సీరియల్ ఆరో భాగం వచ్చింది. పొద్దుటి బస్సులో పత్రిక దిగగానే హోటల్ మల్లయ్య గట్టిగా చదువుతాడు, చాయ్ తాగేవాళ్లందరూ వింటారు. బడికి పోతూ అక్కడ కాస్త నెమ్మదిగా నడిచాను. నా వాక్యం ఆయన గొంతులో... "ముసలిది దారానికి ముడి వేసింది. ఊళ్లో ఒక పిల్ల ఒళ్లు జ్వరంతో కాలిపోయింది." ఒక్కరూ గుటక వేయలేదు.

"గీ రాసేటాయన ఎవలో గాని, గుండె గట్టిది" అన్నాడు ఎవరో.

రాసేటాయన! రోజంతా నవ్వొస్తూనే ఉంది. ఎవరితో నవ్వుకోను? పదకొండేళ్లుగా దయ్యాల కథలు రాస్తున్నాను, మూర్తి అనే మగ పేరు పెట్టుకుని. ఉత్తరాలన్నీ కరీంనగర్‌లో తమ్ముడి ఇంటికే వస్తాయి. ఈ ఊరికి నేను ధర్మపురి నుంచి గోదావరి దాటి వచ్చిన ఏడో తరగతి టీచరమ్మను. పెళ్లి కాని మనిషిని. అంతకు మించి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

జూలై 27

వాన. ఆదివారం. మనిషి గొంతు వినపడింది ఒక్కసారే — ఎదురింటి రాజవ్వ జొన్నరొట్టె తెచ్చినప్పుడు. వేడిగా ఉంది. "తినే దాక పోను" అని గడపలో కూర్చుంది.

రాజవ్వ మగ్గాలవాళ్లకు నూలు కండెలు చుట్టి బతుకుతుంది. చదువు రాదు. మరిచిపోకూడని పని ఉంటే తెగిన పోగు ఒకటి తీసుకుని ముడి వేస్తుంది. ఉప్పు తేవాలంటే ఒకటి, మేకకు ఆకు కోయాలంటే ఒకటి. పని కాగానే విప్పేస్తుంది. దారం తలుపు గొళ్లేనికి వేలాడుతుంటుంది.

ఆ ముడులే నా కథలో మంత్రగత్తె ముడులు. రాజవ్వ మెల్లకన్ను కూడా తీసుకున్నాను. అడగలేదు. చదవడం రాని మనిషికి ఎలా తెలుస్తుందిలే అనుకున్నాను.

ఈరోజు దారంలో ఒక ముడి నాకోసం. బొంబాయి దగ్గర భీవండిలో మగ్గాల మీద పనికి పోయిన కూతురికి ఉత్తరం రాయించాలి. మనుమరాలి పేరు ఎప్పట్లాగే మూడు సార్లు రాయించింది.

"ఏడున్నది శ్రీలత? సూపియ్యి బిడ్డా."

చూపించాను. అక్షరాల మీద వేలు పెట్టి కాసేపు ఉంచింది. మూడు చోట్లా.

జూలై 31

ఏడో భాగం. అచ్చుతప్పులు రెండు. మల్లయ్య వాటిని కూడా భక్తిగా చదివాడు.

ఆగస్టు 2

పద్మ బడికి రాలేదు. ముందు బెంచీలో కూర్చునే పిల్ల, లెక్కల్లో చురుకు. జ్వరమట. ఆ వాడలోనే ఇంకో ముగ్గురికి కూడా.

ఆగస్టు 5

రాజవ్వకు కండెలు ఇవ్వడం మానేశారు.

పొద్దున పద్మ తండ్రి నర్సయ్య ఆమె వాకిట్లో నిలబడి గొళ్లేనికున్న దారం వైపు చూస్తున్నాడట. రెండు ముడులున్నాయట. "పత్రికల రాసినట్టే ఉన్నది. కన్ను సుత గట్లనే ఉన్నది" అన్నాడట. నీళ్ల దగ్గర ఆడవాళ్లు చెప్పుకుంటుంటే విన్నాను. బిందె నిండి పొర్లిపోతున్నా చూసుకోలేదు.

రాజవ్వ సాయంత్రం రొట్టె తెచ్చింది. "జరమొచ్చిన పోరల కోసం ఏడుస్తున్నరు, పాపం. నన్నెందుకో తిట్టవట్టిరి" అంది. రొట్టె తుంచాను, తినలేదు.

ఆగస్టు 7, గురువారం

ఎనిమిదో భాగం. ఊరి పెద్దమనుషులు మంత్రగత్తెను చావడికి పిలిచి పళ్లు పీకించే భాగం. మేలో, సెలవుల్లో, తమ్ముడి ఇంటి డాబా మీద కూర్చుని రాశాను. రాసినప్పుడు ఎంత ముచ్చటపడ్డానో. కల్పన కాదు, మా చిన్నప్పుడు పక్క ఊళ్లో నిజంగా జరిగిందే. పళ్లు పోతే మంత్రం నోరు తిరగదని నమ్మకం.

మల్లయ్య చదివాడు. ఈసారి ఎవరూ మెచ్చుకోలేదు. లేచి వెళ్లిపోయారు, ఒకరి వెనుక ఒకరు.

ఆగస్టు 9

రేపు ఆదివారం రాజవ్వను చావడికి రమ్మని కబురు.

చెప్పాలి. చెబితే? డిపార్టుమెంటు పర్మిషన్ లేకుండా రాశానని హెడ్మాస్టరు పైకి రాయవచ్చు. మూర్తి పోతాడు. పదకొండేళ్లలో నాకంటూ ఉన్నది ఆ ఒక్కడే. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా నిజం — రాజవ్వ పళ్ల పక్కన నా మూర్తిని పెట్టి తూచుకున్నాను. ఒక పూటంతా తూచుకున్నాను.

ఆగస్టు 10, ఆదివారం

వెళ్లాను.

రాజవ్వ నేల మీద కూర్చుని ఉంది, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. దారం నర్సయ్య చేతిలో ఉంది. పద్మకు తొమ్మిదో రోజు జ్వరం. ఆయన కళ్లు నిద్ర లేక ఎర్రగా ఉన్నాయి. కోపం తెచ్చుకుందామన్నా రాలేదు.

"ఆ కథ రాసింది నేనే. ఈ అవ్వను చూసి రాశాను. ముడులు ఆమె గుర్తు కోసం వేసుకుంటుంది. మంత్రం నేను కల్పించాను."

కొందరు నవ్వారు. మల్లయ్య ఓపికగా చెప్పాడు — "రాసేటాయన మూర్తి గదా టీచరమ్మ. ముసల్దాన్ని కాపాడనీకె అంటున్నవు, మాకెర్కే."

నా మొహం మీదే, నేను రాసింది నేను రాయలేదంటున్నారు. అంత భయంలోనూ ఒళ్లు మండింది. ఇంటికి పరుగెత్తి రఫ్ నోట్‌బుక్ తెచ్చాను. ఇంకా అచ్చు కాని తొమ్మిదో భాగం తీసి మల్లయ్య చేతిలో పెట్టాను. గురువారం పత్రికతో సరిచూడు, ఒక్క మాట తేడా వచ్చినా మీ ఇష్టం అన్నాను.

పెద్దమనుషులు గురువారం దాకా ఆగుదామన్నారు. రాజవ్వ నా వైపు చూసింది. ఆమెకు ఇప్పుడే తెలిసింది కదా... తన కన్ను, తన దారం, ఎవరు తీసుకున్నారో.

ఆగస్టు 12

ఎదురింటి తలుపు మూసే ఉంది. అన్నం వండుకోలేదు.

ఆగస్టు 14, గురువారం

బస్సు గంట ఆలస్యం. ఊరంతా హోటల్ ముందే ఉంది.

ఒక చేతిలో పత్రిక, ఒక చేతిలో నా నోట్‌బుక్. మల్లయ్య ఒక వాక్యం ఇందులో చదువుతాడు, ఒక వాక్యం అందులో. ఒక్క అక్షరం తేడా లేదు. రెండో పేజీ సగంలో ఆపేశాడు. నోట్‌బుక్ నాకు రెండు చేతులతో ఇచ్చాడు. ఎంత సంతోషం కలిగిందో ఇక్కడైనా దాచను — నేనే రాశానని మొదటిసారి ఒక ఊరు నమ్మింది.

ఆ సంతోషం నిమిషం కూడా లేదు. నర్సయ్య మెల్లగా అడిగాడు.

"అయితే టీచరమ్మ, పిల్లకు జరమని నువ్వు రాసింది ముందుగాల. మా పద్మకొచ్చింది ఎన్క. గంతే గదా?"

అంతే గదా. తేదీల లెక్క ప్రకారం ఆయన చెప్పింది తప్పు కాదు.

రాజవ్వను ఎవరూ ఏమీ అనలేదు. దారం ఆమె ఒళ్లో పడేసి వెళ్లారు. నాకు దారి ఇచ్చారు. కావలసినదాని కంటే ఎక్కువ దారి.

ఆగస్టు 20

పద్మ బడికొచ్చింది, చిక్కిపోయి. టైఫాయిడ్ అని ఆదిలాబాద్ డాక్టరు సూదులు వేశాడట. వెనుకే తల్లి వచ్చింది, గుమ్మం దాటకుండా నిలబడింది.

"ఏమనుకోకు టీచరమ్మ. హాజరుపట్టీల మా పిల్ల పేరు నీ చేత్తోటి రాయకు."

ఆగస్టు 21

ఇంకో ఐదుగురు తల్లులు. అదే మాట. ఒకామె దండం కూడా పెట్టింది.

ఆగస్టు 22

హెడ్మాస్టరు నవ్వారు. పైకి ఏమీ రాయనన్నారు, మంచివారే. హాజరుపట్టీ మాత్రం హిందీ సారుకు ఇచ్చారు. "కొన్ని రోజులమ్మా, వాళ్లే మరిచిపోతరు." పంతొమ్మిదేళ్ల సర్వీసు. పొద్దున్నే పేర్లు పిలవడంలో ఇంత సుఖం ఉందని తెలియదు. ముప్పై నలుగురు. పేరుకో గొంతు.

ఇప్పుడు పాఠం చెబుతుంటే ఎవరూ అల్లరి చేయరు. అంత బుద్ధిగా ఉంటే భయమేస్తోంది.

ఆగస్టు 25

తమ్ముడు ఎడిటర్ ఉత్తరం పంపించాడు. ఆఖరి భాగం వెంటనే కావాలట. ముసలిదాన్ని తగలబెట్టాలని పాఠకులు కోరుతున్నారట.

నేను తగలబెట్టలేదు. ముడులన్నీ ఆమె చేతే విప్పించాను. చప్పగా ఉంది, తెలుసు. రాస్తూ రాస్తూ ఒకచోట "జ్వరం" అని వచ్చింది. కలం ఆగింది. నేను నమ్మను ఇవన్నీ. పిల్లలకు నమ్మొద్దనే చెబుతాను. అయినా కొట్టేశాను.

ఆగస్టు 28

ఆఖరి భాగం పోస్టు చేశాను. పదో రోజు, పదిహేనో రోజు... రొట్టె రాక ఎన్నాళ్లయిందో లెక్క పెట్టడం మానుకోవాలి.

ఆగస్టు 31, ఆదివారం

రాజవ్వ వచ్చింది.

చేతిలో రొట్టె, ఇన్లాండు కవరు, ఆ దారం. ఎప్పటిలాగే గడపలో కూర్చుంది. తప్పు చేశాను అవ్వా, నిన్ను అడగకుండా రాశాను అన్నాను. మూడు వారాలుగా కూర్చుకున్న మాటలు. ఏడ్చాను కూడా. ఆమె ఏడ్వలేదు.

"పండ్లయితే ఉన్నయి గద బిడ్డా" అంది. నోరు తెరిచి చూపించింది. నవ్వించాలనే. తరువాత, "రాయి" అంది.

రాశాను. కండెలు మళ్లీ ఇస్తున్నరు. మేక ఈనింది. వానలు మంచిగ పడ్డయి. ఇక్కడ ఎప్పుడూ వచ్చేది శ్రీలత పేరు. చెప్పకముందే రాయబోయాను. రాజవ్వ నా మణికట్టు పట్టుకుంది. గట్టిగా కాదు.

"పిల్ల పేరొద్దు తియ్ బిడ్డా. గాడ జర జాగ ఇడ్సిపెట్టు."

నా మొహం వైపు చూడలేదు. నేనూ చూడలేదు. జాగా విడిచాను. మూడు చోట్లా.

పోతూ పోతూ గడప దగ్గర ఆగి, దారంలో నా ముడి విప్పుకుంది. పని అయిపోయింది కదా.

రొట్టె తిన్నాను. చల్లారలేదు ఇంకా. చిరునామా రాసి ఉత్తరం బల్ల మీద పెట్టాను, అంటించలేదు. ఆ ఖాళీలు చూసి భీవండిలో కూతురు ఏమనుకుంటుంది? పిల్లకు ఏమన్నా అయిందని అవ్వకు తెలిసిందేమో అనుకోదూ? మూడు అక్షరాలు, మూడు చోట్ల. నేను రాస్తే రాజవ్వకు తెలియదు. ఆమెకు చదువు రాదు.

ఈ మాట ఇంతకు ముందు కూడా అనుకున్నాను. కలం మూత ఇంకా పెట్టలేదు.