బంటి చెవి వెనక

మార్చి 3
పోలింగ్ నాడు జమ్మలమడుగులో బాంబులు పడ్డప్పటి నుంచి తమ్ముడు శివ ఊళ్లో లేడు. ఎక్కడున్నాడో నేను అడగను. పోతూ పోతూ వాడి కుక్క బంటిని మాత్రం ప్రొద్దుటూరు తెచ్చి నా చేతికిచ్చాడు. పులివెందులలో చెల్లెలు పద్మ ఉండగా... నాకు.

మార్చి 4
బంటికి ఒళ్లంతా ఉంగరాల జుట్టు. చిన్నప్పుడు శివ తల ఇట్లాగే ఉండేది. ఆముదం పెట్టి నేనే దువ్వేదాన్ని. దీనికీ పెట్టాను.

మార్చి 9
శివ ఫోన్. "బంటి ఎట్లుండాదక్కా?" నా మోకాళ్ల సంగతి అడగలేదు. "పద్మ దగ్గరికి పంపకూడదా? దానికైతే దువ్వేది తెలుసు..."
"ఈడనే బాగుండాదిలే" అన్నాను.

మార్చి 10
బాగా లేదు. ఆముదానికి దుమ్ము పట్టింది. స్నానం చేయిస్తే జుట్టు ఇంకా అట్ట కట్టింది. చెవి వెనక ముట్టుకోనివ్వదు.

మార్చి 13
జపమాల తిప్పుతూ లెక్క తప్పాను. బంటి చెవి వెనక అట్ట కింద పుండు కనబడింది. పద్మకు ఫోన్ చేయాలి... చేయలేదు.

మార్చి 15
చేశాను.

మార్చి 16
పద్మ తొలి బస్సుకే దిగింది. కత్తెర, పెద్ద పళ్ల దువ్వెన తెచ్చుకుంది.
"ఆముదమా! ఏంది పెద్దక్కా, ఇదేమన్నా ఉయ్యాల్లో బిడ్డనా?" నవ్వింది. "ముందు చిక్కు తీయాల, ఆనక తడపాల. చిక్కుతోనే తడిపితే శానా బిగుసుకుంటాది."
వేళ్లతో కొంచెం కొంచెం విడదీసింది. విడిపోనిది కత్తిరించింది. నా దగ్గర వణికే కుక్క పద్మ ఒళ్లో వెల్లకిలా పడుకుంది. వంటింట్లోకి పోయాను. పప్పు మాడింది.
సాయంత్రం దేవుడి ముందు ఒప్పుకున్నాను — ఓర్వలేకున్నాను. కుక్క కోసం కాదు. శివ ఎవరిని ఎక్కువ నమ్ముతాడు, అదీ.

మార్చి 17
మళ్లీ శివ ఫోన్. పద్మే ఎత్తింది. పుండు సంగతి చెప్పేస్తుందని నిలబడిపోయాను.
"బాగుండాదన్నా. పెద్దక్క బిడ్డ మాదిరి చూసుకుంటాంది."
నా వైపు చూడలేదు.
చెప్పేసి ఉంటే కోపమైనా తెచ్చుకునేదాన్ని. ఇప్పుడు ఆ మంచితనం కూడా దానిదే.
"పుండు మానేదాకా నాతో పంపక్కా" అంటోంది. పొద్దున్నే బస్సు. పంపితే, ఎందుకు పంపానో శివకు నేనే చెప్పాలి.