బెల్లం పాకలో పిలుపు

ఆదివారం రాత్రి

సమస్త ప్రజానీకానికి ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా, నేటి నుంచి మా ఇంట టీలో పంచదార నిషేధం, బెల్లమే వాడవలెను. ఇంట్లో ఉన్నది నేనొక్కణ్ణే కాబట్టి తీర్మానం ఏకగ్రీవం.

ఒక చిన్న ప్రెస్సు వాళ్లు వేస్తున్న వింత దెయ్యాల కథల పుస్తకానికి నా కథ తీసుకున్నారు. ఎడిటరమ్మ ఫోన్ చేసింది.

"చనిపోయిన మీ స్నేహితుడు సూరిబాబు బెల్లం వండే పాకలోంచి పిలిచాడని రాశారు. నిజంగా జరిగిందాండీ? అయితే 'జరిగిన కథ' అని వేస్తాం."

"వేసెయ్యండమ్మా" అన్నాను.

టీ కొట్టు దగ్గర అప్పల్రాజుకి చెబితే ఒకటే నవ్వు. "నువ్వు సెప్తే ఎవుడు నమ్ముతాడు బావా? నేను బతికుండగానే పోయేనని ఆటోకి మైకు కట్టి ఊరంతా సెప్పించేవు!"

ఆ రోజు మైకు పట్టుకున్నది సూరిబాబే. వాడు పోయాక నా వేళాకోళాలకి జత లేదు.

మేమిద్దరం బెల్లం వండిన ఆ పాకలో, చల్లారిన పొయ్యి పక్కన, వాడు పోయాక ఓ రాత్రంతా నేనొక్కణ్ణే కూర్చున్న మాట నిజమే. "బావా, పాకం ముదిరిపోతంది, దింపెయ్" అని వాడు పిలిచినట్టు రాసింది మాత్రం కల్పన. తెల్లారేదాకా చెవులు రిక్కించుకుని ఉన్నాను. వాడు పిలవలేదు.